ఎవరి వైపు నుంచి వచ్చిందని అడిగేవారికి

మా తమ్ముడికి స్కిజోఫ్రీనియా అనే తీవ్రమైన మానసిక జబ్బు ఉందని తెలియగానే బంధువుల్లో ఎక్కువ మంది అడిగే మొదటి ప్రశ్న ఆ జబ్బు ఎవరి వైపు నుంచి వచ్చిందని. అమ్మ పుట్టింటివారిలో ఎవరికైనా మతి చలించిందా, నాన్నగారి మేనత్తల్లో ఎవరైనా తమలో తాము మాట్లాడుకునేవారా అని ఆరా తీస్తారు. మా అమ్మాయికి సంబంధాలు చూస్తున్న రోజుల్లో మధ్యవర్తిగా వచ్చిన ఒక పెద్దావిడ మా ఆడపడుచును పక్కకు పిలిచి, "వాళ్ళ రక్తంలోనే ఉందటగా, రేపు పిల్లకు రాదని నమ్మకమేమిటమ్మా?" అని అడిగారు. ఆవిడ మీద నాకు కోపం లేదు. తన మనవడి గురించి ఆలోచించే ఏ అమ్మమ్మకైనా వచ్చే సందేహమే అది. మా ఊళ్ళల్లో ఒకప్పుడు ఇలాంటి జబ్బుకు చిల్లంగి పెట్టారనో, గాలి సోకిందనో కారణం చెప్పి తాయెత్తు కట్టించేవారు. ఇప్పుడు ఆ స్థానంలోకి రక్తం అనే మాట వచ్చింది. విశాఖపట్నంలో ఒక డిగ్రీ కళాశాలలో జంతుశాస్త్రం బోధించి ఉద్యోగ విరమణ చేసినదాన్ని కనుక, ఆ మాట వెనుక ఉన్న శాస్త్రం ఎంతో తెలుసుకోవాలన్న పట్టుదలతో ఈ విషయం మీద వచ్చిన పరిశోధనలను శ్రద్ధగా చదువుతూ వచ్చాను. ఈ జబ్బులో జన్యువుల పాత్ర నిజమే. అయితే ఆ పాత్రలో అధికభాగం ఒక జన్యువు మనలో ఉందా లేదా అన్నదాని మీద కంటే, ఉన్న జన్యువు ఏ కణంలో, ఏ వయసులో, ఎంత మేరకు పనిచేస్తోందన్నదాని మీద ఆధారపడి ఉంది. దానినే జన్యు వ్యక్తీకరణ అంటారు.

ముందుగా వంశపారంపర్యం గురించి కచ్చితంగా తెలిసిన సంగతులు చెబుతాను. కవలల మీద జరిగిన అధ్యయనాలన్నింటినీ కలిపి చూస్తే, జనాభాలో ఈ జబ్బు వచ్చే అవకాశంలో మనిషికీ మనిషికీ మధ్య కనిపించే తేడాలో సుమారు 80 శాతం జన్యువులతో ముడిపడి ఉందని తేలింది. ఈ అంకెను చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు. తండ్రికి ఉంటే బిడ్డకు 80 శాతం అవకాశం ఉందని దీని అర్థం కాదు. తల్లిదండ్రుల్లో ఒకరికో, తోబుట్టువుకో ఉన్నప్పుడు వచ్చే అవకాశం సుమారుగా పది మందిలో ఒకరికి. మిగిలిన తొమ్మిది మందికి రాదు. ఒకే అండం నుంచి పుట్టి, డీఎన్‌ఏ అంతా ఒకటిగా ఉన్న కవలల్లో ఒకరికి ఈ జబ్బు వచ్చినప్పుడు రెండవవారికి కూడా రావడం సగం కంటే తక్కువ సందర్భాల్లోనే జరుగుతుంది. అంతకంటే ముఖ్యమైన సంగతి, ఈ జబ్బు ఉన్నవారిలో ఎక్కువ మందికి దగ్గరి బంధువుల్లో ఎవరికీ ఇది ఉండదు. మా ఇంట్లోనూ అంతే. ఎంత వెనక్కు వెళ్ళి తరచి చూసినా మాకు తెలిసినంతలో మరొకరు కనిపించలేదు. ఒకే డీఎన్‌ఏ ఉన్న ఇద్దరిలో ఒకరు జబ్బుపడి మరొకరు ఆరోగ్యంగా ఉండగలిగినప్పుడు, డీఎన్‌ఏలో ఏం రాసి ఉందన్నదానితో పాటు దానిలో ఏ భాగం ఎంతగా చదవబడుతోందన్నది కూడా చూడక తప్పదు.

తరగతి గదిలో చెప్పిన పద్ధతిలోనే క్లుప్తంగా చెబుతాను. మన శరీరంలో దాదాపు ప్రతి కణంలోనూ అదే డీఎన్‌ఏ ఉంటుంది. ప్రోటీన్ల తయారీకి సమాచారాన్నిచ్చే జన్యువులు అందులో సుమారు 20,000 ఉన్నాయి. కాలేయ కణం కాలేయ కణంలా, నాడీకణం నాడీకణంలా పనిచేయడానికి కారణం, ఒక్కొక్క కణం ఈ జన్యువుల్లో తనకు కావలసినవాటినే వాడుకోవడం. జన్యువు పనిచేసేటప్పుడు దాని నుంచి ముందు ఆర్‌ఎన్‌ఏ ప్రతులు తయారవుతాయి, ఆ ప్రతుల ఆధారంగా ప్రోటీన్ తయారవుతుంది. కణంలో ఒక జన్యువుకు చెందిన ఆర్‌ఎన్‌ఏ ప్రతులు ఎన్ని ఉన్నాయో కొలిస్తే ఆ జన్యువు ఎంతగా వ్యక్తమవుతోందో తెలుస్తుంది. దీనిని వెలగడం, ఆరిపోవడం మాత్రమే తెలిసిన దీపపు స్విచ్‌లా ఊహించుకోవడం కంటే ఫ్యాను రెగ్యులేటరులా ఊహించుకోవడం మేలు. స్కిజోఫ్రీనియాలో చాలా వరకు జరిగేది, వందల జన్యువుల వేగం ఒక మెట్టులో కొంత భాగం అటో ఇటో మారడం.

వంశపారంపర్యానికీ వ్యక్తీకరణకూ ఉన్న సంబంధం గత పదిహేనేళ్ళ పరిశోధనలో స్పష్టపడింది. పలు దేశాల శాస్త్రవేత్తలు కలిసి ఏర్పరచుకున్న సైకియాట్రిక్ జెనోమిక్స్ కన్సార్టియం 2014లో దాదాపు 37,000 మంది రోగుల డీఎన్‌ఏను లక్షకు పైగా ఆరోగ్యవంతుల డీఎన్‌ఏతో పోల్చి, ఈ జబ్బుతో సంబంధమున్న 108 స్థానాలను గుర్తించింది. 2022లో రోగుల సంఖ్య 76,000 దాటిన మరింత పెద్ద అధ్యయనంలో ఆ స్థానాలు 287 అయ్యాయి. వీటిలో ఒక్కొక్క తేడా జబ్బు అవకాశాన్ని పెంచేది అతి స్వల్పంగా మాత్రమే. అవన్నీ రోగులతో పాటు జనాభాలో అందరిలోనూ ఏవో కొన్ని ఉండే సాధారణమైన తేడాలు. ఆ తేడాల్లో అత్యధికం ప్రోటీన్ నిర్మాణాన్ని తెలిపే భాగాల్లో లేవు. జన్యువుల మధ్యనో, జన్యువు లోపలే ఉన్నా ప్రోటీన్‌కు సంబంధం లేని భాగాల్లోనో ఉన్నాయి. సమీపంలోని జన్యువు ఎప్పుడు, ఎక్కడ, ఎంతగా వ్యక్తం కావాలో నియంత్రించే భాగాలు ఉండేది అక్కడే. కాబట్టి తల్లిదండ్రుల నుంచి మనకు వచ్చినది చెడిపోయిన ప్రోటీన్ కావడం అరుదు; తయారయ్యే పరిమాణంలో చిన్న హెచ్చుతగ్గులను కలిగించే వందలాది తేడాల కూర్పు మనకు వస్తుంది. ఆ కూర్పు ఇద్దరి నుంచీ వస్తుంది, ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. ఎవరి వైపు నుంచి అన్న ప్రశ్న ఈ దశలోనే చాలా వరకు అర్థం కోల్పోతుంది.

అరుదైనవి లేకపోలేదు. 2022లోనే వెలువడిన మరొక అధ్యయనం, ప్రోటీన్‌ను నేరుగా దెబ్బతీసే అరుదైన మార్పులు రోగుల్లో ఎక్కువగా కనిపించిన పది జన్యువులను గుర్తించింది. ఆ పదింటిలో సెట్‌డీ1ఏ, ఎస్‌పీ4 అనేవి స్వయంగా ఇతర జన్యువుల వ్యక్తీకరణను నడిపించే ప్రోటీన్లను తయారుచేసేవి కావడం నాకు గమనించదగినదిగా తోచింది. అరుదైన దారిలో వెళ్ళినా, సాధారణమైన దారిలో వెళ్ళినా, వ్యక్తీకరణ నియంత్రణ అనే చోటుకే చేరుకున్నట్టుంది.

ఇన్ని స్థానాల్లో ఒక్కదాని కథను మాత్రం కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఒక స్థానం నుంచి ఒక యంత్రాంగం దాకా శాస్త్రవేత్తలు నడిచి వెళ్ళగలిగిన కొద్ది సందర్భాల్లో ఇది ఒకటి. జన్యు అధ్యయనాల్లో అన్నింటికంటే బలంగా కనిపించిన సంకేతం ఆరవ క్రోమోజోమ్‌లో, రోగనిరోధక వ్యవస్థకు చెందిన జన్యువులు గుంపుగా ఉండే ప్రాంతంలో వచ్చింది. మెదడు జబ్బుకు రోగనిరోధక జన్యువులతో ఏం పని అని చాలాకాలం ఎవరికీ అంతుపట్టలేదు. 2016లో స్టీవెన్ మెకారల్, బెత్ స్టీవెన్స్ బృందాలు అమెరికాలోని బోస్టన్ ప్రాంతంలో చేసిన పరిశోధన, ఆ సంకేతంలో ఒక భాగం సీ4 అనే జన్యువు నుంచి వస్తోందని చూపింది. సీ4 జన్యువు మనుషులందరిలో ఒకే విధంగా ఉండదు. సీ4ఏ, సీ4బీ అని రెండు రకాలున్నాయి, ఒక్కొక్కరి డీఎన్‌ఏలో ఆ జన్యువు ప్రతుల సంఖ్య వేరు, పొడవు వేరు. మెదడులో సీ4ఏ వ్యక్తీకరణను పెంచే రూపాలు ఉన్నవారిలో స్కిజోఫ్రీనియా అవకాశం ఎక్కువగా కనిపించింది. సీ4 ప్రోటీన్ శరీరంలో సూక్ష్మజీవుల మీద గుర్తుపెట్టి, వాటిని తొలగించవలసిన కణాలకు చూపిస్తుంది. మెదడులోనూ అదే పని చేస్తుంది, అయితే అక్కడ గుర్తుపెట్టేది నాడీకణాల మధ్య సంధులైన సినాప్స్‌ల మీద. ఎలుకల్లో ఈ జన్యువును తొలగించినప్పుడు, ఎదుగుదలలో భాగంగా జరగవలసిన సినాప్స్‌ల కత్తిరింపు తగ్గిందని కూడా ఆ పరిశోధన చూపింది.

మనిషి పసితనంలో మెదడు అవసరానికి మించి సినాప్స్‌లను ఏర్పరుస్తుంది, ఆపైన, ముఖ్యంగా కౌమారంలో, వాడుకలో లేనివాటిని తొలగించుకుంటుంది. ఈ కత్తిరింపు మోతాదు మించడమే స్కిజోఫ్రీనియాకు మూలం కావచ్చునని ఇర్విన్ ఫైన్‌బర్గ్ 1982లోనే ప్రతిపాదించారు. మా తమ్ముడు ఇంజినీరింగ్‌లో చేరిన కొత్తలో, అప్పటివరకు చురుకుగా ఉన్నవాడు, గదిలోంచి బయటికి రాకుండా, ఎవరో తన గురించి మాట్లాడుకుంటున్నారని వినబడుతోందంటూ ఉండిపోయాడు. ఈ జబ్బు ఎక్కువ మందిలో పదహారు నుంచి ముప్పై ఏళ్ళ మధ్య బయటపడటానికీ, ఆ వయసులో మెదడు ముందుభాగంలో జరిగే ఈ సర్దుబాటుకూ సంబంధముందన్న ఆలోచన నన్ను చాలా కాలం వెంటాడింది. అయినా ఒక జాగ్రత్త చెప్పాలి. సీ4 రూపాల్లో అన్నింటికంటే ఎక్కువ ప్రమాదమున్నదానికీ అతి తక్కువ ప్రమాదమున్నదానికీ మధ్య తేడా సుమారు 1.3 రెట్లు మాత్రమే. ఆ ఎక్కువ ప్రమాదమున్న రూపం ఉన్న లక్షలాది మంది ఏ జబ్బూ లేకుండా జీవిస్తున్నారు.

డీఎన్‌ఏ తేడాలను వదిలి, నేరుగా మెదడులోని ఆర్‌ఎన్‌ఏను కొలిచిన పరిశోధనల చరిత్ర ఇంకొంచెం పాతది. బతికి ఉన్న మనిషి మెదడు నుంచి ముక్క తీసి చూడటం సాధ్యం కాదు. రక్తంలో కొలవడం తేలిక, కానీ రక్తకణంలో వ్యక్తమయ్యే జన్యువులు వేరు, నాడీకణంలో వ్యక్తమయ్యేవి వేరు. అందువల్ల మరణానంతరం కుటుంబాలు దానం చేసిన మెదడులే ఈ శాస్త్రానికి ఆధారం. 1995లో ఎస్. అక్బేరియన్ బృందం ప్రచురించిన ఫలితాన్ని నేను ఈ రంగంలో ఒక మైలురాయిగా భావిస్తాను. మెదడులో నాడీకణాల ఉద్రేకాన్ని అదుపులో ఉంచే గాబా అనే రసాయనం ఉంది. దానిని తయారుచేసే ఎంజైముకు చెందిన జన్యువు వ్యక్తీకరణ స్కిజోఫ్రీనియా ఉన్నవారి మెదడు ముందుభాగంలోని ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌లో తగ్గిందని, అయితే అక్కడి నాడీకణాల సంఖ్య తగ్గలేదని వారు చూపారు. కణాలు చనిపోలేదు, తమ పనిలో కొంత తగ్గించుకున్నాయి. అల్జీమర్స్ వంటి జబ్బుల్లో జరిగే కణ నాశనానికీ దీనికీ ఉన్న ఈ వ్యత్యాసం కుటుంబాలకు తెలియవలసిన విషయమని నా అభిప్రాయం. ఆ ఫలితం తరువాత ఇతర బృందాల చేతుల్లోనూ నిలబడింది. పిట్స్‌బర్గ్‌లో డేవిడ్ లూయిస్ బృందం ఆ తగ్గుదల ఏ రకం గాబా కణాల్లో ఎక్కువో ఏళ్ళ తరబడి వివరంగా పరిశీలించింది.

ఆ తరువాత వేలాది జన్యువులను ఒకేసారి కొలిచే మైక్రోఅరే పద్ధతి వచ్చింది. 2000లో పిట్స్‌బర్గ్ నుంచే వచ్చిన ఒక అధ్యయనం సినాప్స్‌లో సంకేతాన్ని పంపే వైపు పనిచేసే జన్యువుల సమూహం తగ్గిందని చెప్పింది. 2001లో న్యూయార్క్ బృందం, నాడీతంతువులకు తొడుగులా ఉండే మైలిన్ తయారీకి చెందిన జన్యువులు తగ్గాయని చెప్పింది. ఆ రోజుల్లో ఒక్కొక్క అధ్యయనంలో ఉన్నవి చాలా కొద్ది మెదడులు, అందుచేత ఒకరికి కనిపించినది మరొకరికి కనిపించకపోవడం మామూలుగా ఉండేది. కామన్‌మైండ్ కన్సార్టియం అనే పరిశోధకుల కూటమి 2016లో 258 మంది రోగుల, 279 మంది ఆరోగ్యవంతుల మెదడుల్లో ఆర్‌ఎన్‌ఏను చదివిన తరువాత గాని ఈ విషయం మీద ఒక నిలకడ రాలేదు. వారికి తేడాగా కనిపించిన జన్యువులు 693. ఆ తేడా ఒక్కొక్కదానిలో ఎంత అని చూస్తే, సగటున పది శాతం లోపే, అతి ఎక్కువగా మారినదానిలో కూడా సుమారు మూడో వంతు. స్కిజోఫ్రీనియాకు ఒక జన్యువు కనిపెట్టారని వార్తల్లో చదివినప్పుడు ఈ అంకెను గుర్తుచేసుకోవాలి. ఏ ఒక్క జన్యువునో చూసి ఇది రోగి మెదడు, ఇది కాదు అని చెప్పగలిగినవారు ఇంతవరకు లేరు.

ఇక్కడే అసలు చిక్కు మొదలవుతుంది. మరణించిన రోగి మెదడులో ఒక జన్యువు వ్యక్తీకరణ తగ్గి ఉంటే, అది జబ్బుకు కారణమా, జబ్బు ఫలితమా, జబ్బుకు వాడిన మందుల ప్రభావమా? ఈ జబ్బు ఉన్నవారు ఏళ్ళ తరబడి మందులు వాడతారు, వారిలో పొగ తాగేవారు సాధారణ జనాభా కంటే ఎక్కువ, నిద్ర, తిండి, వ్యాయామం వేళ తప్పుతాయి, షుగరు, గుండె జబ్బులు ఎక్కువగా వస్తాయి. ఇవన్నీ మెదడులో జన్యు వ్యక్తీకరణను మార్చగలవే. మరణం సంభవించిన తీరు, మరణానికీ మెదడును భద్రపరచడానికీ మధ్య గడిచిన గంటలు, కణజాలంలో ఆమ్లత్వం, ఈ లోగా ఆర్‌ఎన్‌ఏ ఎంత విచ్ఛిన్నమైందన్నది కూడా కొలతను మార్చేస్తాయి. తొలినాళ్ళ ఫలితాల్లో కొన్ని నిలవకపోవడానికి ఇవి కూడా కారణమని ఇప్పుడు అర్థమవుతోంది.

ఈ చిక్కును విప్పడానికి శాస్త్రవేత్తలు అనుసరించిన దారులు నాకు ఎంతో గౌరవం కలిగించాయి. కోతులకు మనుషులు వాడే మోతాదుకు సమానంగా నెలల తరబడి అవే మందులిచ్చి, వాటి మెదడులో ఏ మార్పులు వచ్చాయో చూసి, మనుషుల్లో కనిపించిన మార్పులతో పోల్చారు. గాబా ఎంజైము తగ్గుదల వంటి ముఖ్యమైన మార్పులు మందుల వల్ల వచ్చినవి కావని అలా తేలింది. 2018లో వచ్చిన ఒక అధ్యయనం ఆటిజం, స్కిజోఫ్రీనియా, బైపోలార్ జబ్బు, కుంగుబాటు, మద్యపాన వ్యసనం ఉన్నవారి మెదడు నమూనాలను, ఆరోగ్యవంతులవాటితో కలిపి 700, ఒకచోట చేర్చి పరిశీలించింది. మొదటి మూడింటిలో వ్యక్తీకరణ మార్పులు చాలా వరకు ఒకే పోలికలో ఉన్నాయి, పైగా ఏ రెండు జబ్బులకు డీఎన్‌ఏ స్థాయిలో ఎక్కువ పోలిక ఉందో వాటికే వ్యక్తీకరణలోనూ ఎక్కువ పోలిక ఉంది. మార్పులన్నీ జీవనశైలి వల్లనో మందుల వల్లనో వచ్చినవైతే ఇలా సరిపోలవలసిన అవసరం లేదు. మూడవ దారి, డీఎన్‌ఏ తేడాను ఆధారం చేసుకోవడం. మనం పుట్టినప్పటి డీఎన్‌ఏను తరువాత వాడిన మందులు మార్చలేవు కాబట్టి, ఒక డీఎన్‌ఏ తేడా ఒకవైపు ఒక జన్యువు వ్యక్తీకరణను మారుస్తూ, మరొకవైపు జబ్బు అవకాశాన్ని పెంచుతూ ఉంటే, ఆ వ్యక్తీకరణ మార్పు జబ్బుకు ముందే ఉన్నదని చెప్పడానికి బలం వస్తుంది. ఈ పద్ధతి గట్టిదే గాని, ఒకే తేడా రెండు వేర్వేరు పనులు చేసే అవకాశాన్ని పూర్తిగా తోసిపుచ్చలేదు.

మొత్తం మెదడు ముక్కను నూరి కొలిచే పద్ధతికి మరొక లోపముంది. అందులో నాడీకణాలు, వాటికి ఆసరాగా ఉండే ఆస్ట్రోసైట్లు, ఇంకా అనేక రకాల కణాలు కలిసిపోయి ఉంటాయి. ఒక జన్యువు తగ్గిందంటే ఏ కణంలో తగ్గిందో చెప్పలేము. ఒక్కొక్క కణ కేంద్రకాన్ని విడిగా చదివే పద్ధతి వచ్చాక ఇది మారింది. 2024లో మెకారల్ బృందమే 22 నుంచి 97 ఏళ్ళ మధ్య వయసున్న 191 మంది మెదడులను ఈ పద్ధతిలో పరిశీలించి ప్రచురించిన ఫలితాన్ని నేను పలుమార్లు చదివాను. నాడీకణాలు సినాప్స్‌లకు కావలసిన జన్యువులను ఎంతగా వ్యక్తం చేస్తున్నాయో, ఆస్ట్రోసైట్లు కూడా సినాప్స్‌లకు తోడ్పడే జన్యువులను, కొలెస్ట్రాల్ తయారీకి చెందినవాటితో సహా, అంతే మేరకు వ్యక్తం చేస్తున్నాయి. ఒక మనిషిలో ఒకటి ఎక్కువగా ఉంటే రెండవదీ ఎక్కువే, ఒకటి తగ్గితే రెండవదీ తగ్గుతోంది. ఈ ఉమ్మడి కార్యక్రమం వయసు పెరిగే కొద్దీ అందరిలోనూ తగ్గుతుంది; స్కిజోఫ్రీనియా ఉన్నవారిలో అదే వయసువారి కంటే ఎక్కువగా తగ్గి ఉంది. మా తమ్ముడికి వినబడే గొంతులు మందులతో చాలా వరకు సద్దుమణిగాయి గాని, ఒక పని మొదలుపెట్టి చివరిదాకా తీసుకెళ్ళడం, నలుగురి మాటల మధ్య ఒక మాటను పట్టుకోవడం వాడికి ఇప్పటికీ కష్టం. ఇంట్లో కొందరు దానిని బద్ధకమనేవారు. మెదడులో సినాప్స్‌ల పోషణే తగ్గి ఉండవచ్చునని చూపే ఇలాంటి ఫలితాలను వారికి వివరించి చెప్పాను. ప్రస్తుత మందులు ప్రధానంగా నాడీకణాల మధ్య సంకేతాలు మోసే డోపమైన్ అనే రసాయనం మీద పనిచేసేవి కనుక, ఈ రకం ఇబ్బందిని అవి అంతగా తగ్గించలేవని కూడా చెప్పాను.

డీఎన్‌ఏ అక్షరాలు మారకుండానే వ్యక్తీకరణను మార్చగలిగే బయటి కారణాల గురించి కొంత చెప్పాలి. రెండవ ప్రపంచ యుద్ధం చివర, 1944-45 చలికాలంలో, నెదర్లాండ్స్ పశ్చిమ ప్రాంతంలో తీవ్రమైన కరువు వచ్చింది. ఆ కరువు ఉధృతంగా ఉన్నప్పుడు తల్లి గర్భంలో పడిన పిల్లల్లో, పెద్దయ్యాక, స్కిజోఫ్రీనియా దాదాపు రెండు రెట్లు కనిపించింది. చైనాలో 1959-61 కరువు కాలంలో పుట్టినవారిలోనూ సుమారు అంతే పెరుగుదల కనిపించింది. నెదర్లాండ్స్ కరువులో గర్భస్థులైనవారి రక్తాన్ని అరవై ఏళ్ళ తరువాత పరీక్షిస్తే, ఎదుగుదలకు సంబంధించిన ఐజీఎఫ్2 అనే జన్యువు మీద మిథైల్ అణువుల గుర్తులు, ఆ కరువు కాలంలో గర్భంలో లేని తమ సొంత తోబుట్టువులతో పోలిస్తే తక్కువగా ఉన్నాయని 2008లో ప్రచురించారు. ఆ గుర్తులు జన్యువు వ్యక్తీకరణను నియంత్రించేవి. ఆ మార్పే జబ్బుకు దారితీసిందని ఎవరూ నిరూపించలేదు, అయితే గర్భంలోని ఆకలి ఒక జీవితకాలం పాటు జన్యువుల మీద గుర్తుగా ఉండిపోగలదన్న సంగతి మాత్రం నిలబడింది.

తిండికీ ఈ జబ్బుకూ సంబంధించిన ఒక దారి మన దక్షిణాది నుంచే వచ్చింది. చెన్నైలోని స్కిజోఫ్రీనియా పరిశోధన సంస్థ స్కార్ఫ్, ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం కలిసి భారతీయుల మీద చేసిన జన్యు అధ్యయనం 2019లో వెలువడింది. అందులో బయటపడిన స్థానం ఎనిమిదవ క్రోమోజోమ్‌లో, నియాసిన్ అనే బీ3 విటమినును శరీరం వాడుకోవడానికి అవసరమైన ఎంజైము జన్యువుకు దగ్గరగా ఉంది. ఆ డీఎన్‌ఏ తేడా ఆ జన్యువు వ్యక్తీకరణతో ముడిపడి ఉంది. చేప పిల్లల్లో ఆ జన్యువును తగ్గించి చూస్తే మెదడు ఎదుగుదల మారింది. దీనిని చదివినప్పుడు నాకు పెల్లాగ్రా గుర్తుకు వచ్చింది. నియాసిన్ లోపం వల్ల వచ్చే ఆ జబ్బులో చర్మం పగలడంతో పాటు మతిస్థిమితం కూడా తప్పుతుంది. దక్కనులో జొన్న ప్రధాన ఆహారంగా తినే పేదల్లో అది ఎందుకు వస్తోందో హైదరాబాదులోని పోషకాహార పరిశోధనశాలలో సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా పరిశీలించి, జొన్నలో అధికంగా ఉండే లూసిన్ అనే అమైనో ఆమ్లం పాత్రను 1960లో ముందుకు తెచ్చారు. ఇది చదివి ఎవరూ నియాసిన్ మాత్రలు కొనుక్కోవద్దని ప్రాధేయపడుతున్నాను. 1950ల నుంచి కెనడాలో కొందరు వైద్యులు స్కిజోఫ్రీనియాకు పెద్ద మోతాదులో నియాసిన్ ఇచ్చి గుణం కనిపించిందన్నారు గాని, తరువాత జరిగిన నియంత్రిత పరీక్షల్లో అది నిలబడలేదు. జన్యు సంకేతం ఒక దారిని చూపుతుంది, దాని చివర మందు ఉంటుందన్న హామీ ఇవ్వదు.

మన ప్రాంతంలో దీని తరువాత వచ్చే ప్రశ్న మేనరికం. కోస్తా జిల్లాల్లో మేనమామ కూతురిని, మేనత్త కొడుకును చేసుకోవడం నిన్నమొన్నటి వరకు సాధారణమే; మా ఆంధ్ర విశ్వవిద్యాలయంలోని మానవ జన్యుశాస్త్ర విభాగం వంటి చోట్ల దాని మీద చాలాకాలంగా అధ్యయనాలు జరిగాయి. మేనరికం వల్ల స్పష్టంగా పెరిగేవి, ఒకే జన్యువులో లోపం తల్లిదండ్రులిద్దరి నుంచీ వచ్చినప్పుడు కలిగే జబ్బులు. స్కిజోఫ్రీనియా ఆ కోవకు చెందినది కాదు. వందలాది సాధారణ తేడాలు కొంచెం కొంచెంగా కలిసి దాని అవకాశాన్ని పెంచుతాయి, ఆ తేడాలు మేనరికం లేని కుటుంబాల్లోనూ అంతే ఉంటాయి. మా అమ్మానాన్నలది మేనరికం కాదని చెప్పినప్పుడు కొందరు నిరాశపడినట్టు కనిపించారు.

పెళ్ళికి ముందు జన్యు పరీక్ష చేయిస్తే తెలిసిపోతుంది కదా అని అడిగేవారికి కూడా ఇదే జవాబు. అన్ని తేడాలనూ కూడి వేసే ప్రమాద స్కోరు, దానిని రూపొందించిన ఐరోపా సంతతివారిలోనే, మనిషికీ మనిషికీ మధ్య తేడాలో సుమారు 7 శాతాన్ని మాత్రమే వివరించగలిగింది. మనవారిలో అది ఇంకా తక్కువ పనిచేస్తుంది, ఎందుకంటే అధ్యయనాల్లో మనవారు చాలా తక్కువ. మెదడు ఆర్‌ఎన్‌ఏ సమాచారం విషయంలో అంతరం ఇంకా ఎక్కువ. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య, నాడీశాస్త్రాల సంస్థ నిమ్హాన్స్‌లో డాక్టర్ ఎస్.కె. శంకర్ 1995లో మొదలుపెట్టిన మెదడు బ్యాంకు మన దేశంలో ఈ పనికి పునాది వేసింది. అక్కడే, మానసిక వ్యాధులున్న కుటుంబాల సభ్యుల రక్తకణాల నుంచి మూలకణాలను, వాటి నుంచి నాడీకణాలను తయారుచేసి పరిశీలించే పని కూడా జరుగుతోంది. కళ్ళు దానం చేయాలని విశాఖలో ఎంతోమంది ముందుకు వస్తున్నారు. మెదడు దానం గురించి కూడా మన ఊళ్ళో మాట్లాడుకోవడం మొదలుపెట్టాలని నేను కోరుకుంటున్నాను.

జన్యు వ్యక్తీకరణ ఎంత దగ్గరి విషయమో మా ఇంట్లో అందరికీ తెలిసివచ్చిన సందర్భం ఒకటి చెప్పాలి. అది మెదడుకు సంబంధించినది కాదు, కాలేయానికి సంబంధించినది. మా తమ్ముడు ఈ జబ్బుకు క్లోజపీన్ అనే మందు వాడతాడు. రోజుకు చాలా సిగరెట్లు తాగేవాడు, ఒక దశలో పట్టుదలగా మానేశాడు. అందరం సంతోషించాం. కొద్ది రోజుల్లోనే వాడికి పగలంతా మగత, నోటి నుంచి చొంగ కారడం, లేచి నిలబడితే తూలడం మొదలయ్యాయి. జబ్బు తిరగబెట్టిందేమోనని భయపడి తీసుకువెళ్తే, డాక్టరుగారు వాడిని చూసి అడిగిన మొదటి ప్రశ్న, "సిగరెట్లు ఏమైనా మానేశాడా అమ్మా?" అని. పొగాకు కాలినప్పుడు వచ్చే పొగలోని కొన్ని హైడ్రోకార్బన్లు కాలేయంలో సీవైపీ1ఏ2 అనే జన్యువు వ్యక్తీకరణను పెంచుతాయి. ఆ జన్యువు తయారుచేసే ఎంజైమే క్లోజపీన్‌నూ, ఇదే జబ్బుకు వాడే మరో మందు ఓలాంజపీన్‌నూ విచ్ఛిన్నం చేస్తుంది. పొగ తాగే మనిషిలో మందు త్వరగా ఖర్చైపోతుంది కనుక వైద్యులు దానికి తగినట్టు మోతాదు పెంచి ఉంచుతారు. పొగ ఆగిన కొద్ది రోజులకే ఆ జన్యువు మామూలు స్థాయికి దిగుతుంది, అదే మోతాదు రక్తంలో ఎక్కువై పేరుకుంటుంది. డాక్టరుగారు రక్త పరీక్ష రాసి, మోతాదు తగ్గించారు. రెండు వారాల్లో వాడు తేరుకున్నాడు.

సిగరెట్ అయినా, బీడీ అయినా, మన ఉత్తరాంధ్ర తీరంలో ఆడవారు నిప్పు నోట్లోకి పెట్టుకుని కాల్చే అడ్డపొగ అయినా, పొగ ఉన్నంతవరకు ఈ ప్రభావం ఉంటుంది. నికోటిన్ బిళ్ళలకు, నమిలే పొగాకుకు ఈ ప్రభావం లేదు, కాబట్టి సిగరెట్ నుంచి బిళ్ళలకు మారినవారిలో కూడా మందు పేరుకుంటుంది. ఈ రెండు మందుల్లో ఏదైనా వాడుతున్నవారు మీ ఇంట్లో ఉంటే, పొగ మానడానికి వారికి తప్పక తోడ్పడండి. అయితే మానబోయే ముందే వైద్యులకు చెప్పండి. మానినవారు మళ్ళీ మొదలుపెడితే అది కూడా దాచకుండా చెప్పాలి, ఎందుకంటే అప్పుడు మందు చాలక లక్షణాలు తిరిగి రావచ్చు. ఆసుపత్రిలో చేరి పొగకు దూరమైనవారిని ఇంటికి తీసుకువచ్చేటప్పుడు మోతాదు గురించి ఈ ప్రశ్న మీరే అడగండి. దగ్గరలో వైద్యులు లేనివారు ఇరవైనాలుగు గంటలూ పనిచేసే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ నంబరు 14416కు ఫోను చేస్తే తెలుగులో మాట్లాడవచ్చు.